ఎవరూ పిలవని వక్త

“ముందు ఏ పని చెయ్యాలో, తర్వాత ఏది చెయ్యాలో లోకానికంతా పాఠాలు చెప్తావు. నా నీలం చొక్కా ఇస్త్రీ ఏ వరసలో ఉందో కాస్త చూసి చెప్పు” అన్నాడు భర్త, తువ్వాలు భుజాన వేసుకుని.

ఇస్త్రీపెట్టె వేడెక్కేదాకా నిలబడి, మధ్యాహ్నం చెప్పాల్సిన ఉపన్యాసం లోలోపలే అప్పజెప్పుకుంది ఆమె. ఆ ఇంట్లో ఆమె ఉపన్యాసాలన్నీ అలా తయారైనవే. కుక్కరు కూత వేస్తే వాక్యం ఆపి, కూత ఆగాక అందుకోవడం అలవాటైపోయింది. సభలో కూడా మాట మధ్యలో అలాగే ఆగుతుంది. జనం అదేదో గొప్ప నేర్పనుకుని ఊపిరి బిగబట్టి కూర్చుంటారు. ఒకసారి ఆమె అలా ఆగినప్పుడు ముందు వరసలో ఒకాయన ఆవలింత సగంలో ఆపేసి, మిగతా సగం ఇంటికి వెళ్లి పూర్తి చేసుకున్నాడని చెబుతారు. నమ్మేవాళ్లు నమ్మవచ్చు.

అంత మాటకారికి ఒకటీ అరా తప్ప పిలుపులు మాత్రం లేవు. వక్తగా పేరు తెచ్చుకోవాలని ఆఫీసు ఉద్యోగం మానుకుని, కనపడిన ప్రతివాళ్లకీ కార్డు ఇచ్చింది. తన గొప్ప తానే చెప్పుకోవడం మొదట్లో గొంతుకు అడ్డం పడేది. తర్వాత చేదుమాత్ర మింగినట్టు మింగడం నేర్చుకుంది. కార్డు మీద నంబరు భర్తది. “ముక్కూ మొహం తెలియనివాళ్లంతా నీకు ఫోన్లు చేస్తే ఏం బాగుంటుంది? నేను చూసుకుంటాలే” అన్నాడు అచ్చు వేయించిన రోజున. అప్పుడది ప్రేమలాగే వినిపించింది. “ఎవరైనా చేశారా?” అని అడిగినప్పుడల్లా, “చేస్తే చెప్పనా?” అనేవాడు. అత్తగారు ఇంకా ఓదార్పుగా, “పోనీలే అమ్మా, వినడానికి మేం లేమూ?” అనేవారు. విన్నవాళ్లు మాత్రం ఎవరూ లేరు. ఈ సభతో చాలించి, పాత ఆఫీసులోనే మళ్లీ అడుగుదామనుకుంది. బాధగా కూడా అనిపించలేదు. మనసు మడతపెట్టిన చొక్కాలా ఉంది, ఎక్కడ పెడితే అక్కడ పడి ఉంటుంది.

ఈ సభ కూడా కార్డు వల్ల వచ్చింది కాదు. అత్తగారి మోకాళ్లు చూపించడానికి ఆసుపత్రికి వెళితే, నడవాలో రోగులు నేను ముందంటే నేను ముందని తోసుకుంటున్నారు. ఈమె లేచి, ఎవరు కాసేపు ఆగగలరో, ఎవరు ఆగలేరో అడిగి, అందరినీ వరసలో కూర్చోబెట్టింది. అది చూసిన పెద్ద నర్సు, “మా నర్సు పిల్లలకి వచ్చి ఈ మాటలే చెప్పండమ్మా” అని అక్కడికక్కడే పిలిచింది.

మధ్యాహ్నం నర్సులు విన్నారు. నవ్వారు కూడా. అయిపోయాక పెద్ద నర్సు టీ కప్పు చేతికిచ్చింది.

“వచ్చే నెల పై ఊళ్లో అన్ని ఆసుపత్రుల నర్సులకీ పెద్ద సభ ఉంది. మొదటి ఉపన్యాసం మీరే చెయ్యాలి. నంబరివ్వండి.”

ఆమె అలవాటుగా కార్డు తీసింది. పెద్ద నర్సు ఫోన్లో ఆ అంకెలు నొక్కి, తెర వైపు చూసి ఆగింది.

“ఇది నా దగ్గరుందే. అయితే ఆవిడ మీరేనా? పోయినేడాది ఎవరో ఈ కార్డే ఇస్తే చాలాసార్లు చేశాను. మీ మేనేజరు ఎంత మర్యాదస్తుడండీ.”

“మేనేజరా?”

“అదే, ఫోనెత్తే ఆయన. ‘ఆవిడకి ఇంటిపనితో తీరిక లేదు, సభలకి వెళ్లడం మానేసింది’ అని ఎంత నెమ్మదిగా చెప్పారో. నాలాంటివాళ్లు చాలామంది చేస్తున్నారట. అందరికీ ఇదే చెప్పలేక నోరు నొప్పెడుతోందన్నారు, పాపం.”

‘చేస్తే చెప్పనా?’ అన్న మాట భర్త గొంతుతో సహా చెవిలో వినిపించింది. ఆమె కప్పు బల్ల మీద పెట్టింది. కోపం వస్తుందేమోనని కాసేపు చూసింది. రాలేదు.

“మరి ఈ సభ సంగతి ఆయన్ని అడగమంటారా?” అంది పెద్ద నర్సు.

“అక్కర్లేదండీ. ఆయన్ని పనిలోంచి తీసేశాను” అని, తన నంబరు ఒక్కొక్క అంకే చెప్పసాగింది.