మర్యాదగా కురిసిన వాన

"ఆ సభలో ఎవడైనా లేచి, ఏదీ ఆ సుక్రుని ఓసారి పిలిపించండి అంటే ఏటి చేస్తావురా?"

పులిహోర పొట్లానికి దారం చుడుతూ ఈశ్వరమ్మ అంది. వరహాలరావు కాగితాల్లోంచి తలెత్తి నవ్వేశాడు.

"ఢిల్లీ సభకి అరకు నుంచి సుక్రుని ఎవరు పిలుస్తారే అమ్మా! బస్సు బోల్తా పడిపోవడం అయిపోయిందా, ఇప్పుడిదా?"

ఈశ్వరమ్మ భయాలు సంతకొచ్చే వాళ్లందరికీ తెలుసు. మబ్బు పడితే పిడుగు, కొడుకు తుమ్మితే మలేరియా, ఉత్తరం రెండు రోజులు ఆలస్యమైతే ఘాట్ రోడ్డు మలుపులో బస్సు లోయలో. భర్త విజయనగరం నుంచి కొండెక్కి వచ్చి చింతపండు, పసుపు వర్తకం పెట్టి, నాలుగో ఏడే జ్వరంతో పోయాడు. ఇంక భయపడకుండా ఎలా ఉంటామమ్మా అనేది ఆవిడ. ఐదో తరగతి చదువుతో కొట్టు నడిపి, కొడుకుని వాల్తేరులో లెక్కల్లో ఎం.ఏ. దాకా చదివించింది.

ఆ లెక్కలు ఎక్కాలు అప్పజెప్పి తేల్చేసేవి కావు. "కచ్చితమైన జవాబు దొరకని లెక్కలుంటాయమ్మా. వాటికి దగ్గరదగ్గరగా వెళ్లాలి. ఎంత తప్పామో కూడా చెప్పగలగాలి. అదే నా పని" అనేవాడు. నీళ్ల సర్వే ఆఫీసులో చేరాక, చేత్తో తిప్పే లెక్కల మిషను పొద్దస్తమానం తిప్పి తిప్పి వాడి అరచెయ్యి కాయలు కాసింది. ఒకసారి సెలవులకొచ్చినప్పుడు తల్లికి విప్పి చెప్పాడు: "సోమవారం వాన తెలుసు, బుధవారం వాన తెలుసు. మంగళవారం తెలీదు. రెంటికీ మధ్య సర్ది మంగళవారాన్ని పట్టుకుంటాం." కొడుకు చదువులో తనకి అర్థమైన ముక్క అదొక్కటే. ఈశ్వరమ్మ దాన్ని భద్రంగా దాచుకుంది.

యాభైమూడులో ఆ ఆఫీసువాళ్లే గెడ్డ వాగు అవతల గుట్ట మీద వాన కొలిచే డబ్బా పెట్టారు. దాన్ని చూసే పని డుంబ్రిగుడ దారిలో కొండవాలు పల్లెలో ఉండే సుక్రుకిచ్చారు. రోజూ పొద్దున్నే గెడ్డ దాటి వెళ్లి, డబ్బాలో సీసా తీసి, గీతల గ్లాసులో ఆ నీళ్లు పోసి గీతలు లెక్కపెట్టేవాడు. గీతకో సెంటు, అంటే అంగుళంలో నూరో వంతు. వాడికి రాత రాదు గాని లెక్క తప్పేవాడు కాదు. కొట్టుకొచ్చి చెబితే ఈశ్వరమ్మ ఆఫీసువాళ్లిచ్చిన పుస్తకంలో రాసేది.

ఆషాఢంలో సుక్రు జ్వరపడ్డాడు. వాడి పెళ్లాం పరుగున వచ్చింది. "అమ్మా, ఆడు లెగనేకపోతన్నాడు. నువ్వే సూసి రాసీ తల్లీ. నేదంటే పని తీసేత్తారు."

"నాకొదిలెయ్యి" అంది ఈశ్వరమ్మ. మొదటి రోజు గొడుగేసుకుని గెడ్డ దాకా వెళ్లింది. ఎర్రనీళ్లు దుంగల్ని దొర్లించుకుపోతున్నాయి. తను కొట్టుకుపోతే శవం ఎక్కడ తేలుతుందో! కబురు విని పిల్లాడు ఈ వానలోనే ఘాట్ ఎక్కుతాడు, ఆ బస్సు కాస్తా... గొడుగు తిప్పుకుని వెనక్కొచ్చేసింది. రెండో రోజూ అంతే. మూడో రోజు నుంచి గొడుగు తియ్యనేలేదు.

పదకొండు రోజులు పుస్తకం ఖాళీ. పన్నెండో రోజు పొద్దున్న సుక్రు వచ్చి నూట నాలుగు సెంట్లన్నాడు. జ్వరానికి ముందు రాసింది ముప్పైరెండు. ఈశ్వరమ్మ పలక తీసి, తేడాని పన్నెండు భాగాలు చేసింది. రోజుకి ఆరు. ముప్పైఎనిమిది, నలభైనాలుగు, యాభై... గుండ్రంగా రాసుకుంటూ పోయింది. కొడుకు లెక్క తనకీ వచ్చినందుకు లోపల మురిసింది కూడా.

ఆ చలికాలం వరహాలరావు వచ్చి, పుస్తకం ముందేసుకుని, రోజుకీ రోజుకీ తేడాలు పక్క వరసలో వేశాడు. ఆరు, ఆరు, ఆరు. పెన్సిలు ఆగింది.

"వాన ఇంత మర్యాదగా ఎప్పుడు కురిసిందే అమ్మా? ఆ రోజుల్లో సుక్రు గెడ్డ దాటి వెళ్లాడా? రోజూ వచ్చి చెప్పాడా?"

కొడుకు మొహం చూసేసరికి, తను చేసింది లెక్క కాదు దొంగతనం అని ఈశ్వరమ్మకి తెలిసిపోయింది.

"వచ్చేవాడురా" అంది.

అంతే. అంకెలు సుక్రే కల్పించి చెప్పాడని తేలి, ఆ ఒక్క మాటతో వాడి పని పోయింది. రోడ్డు పనిలో రాళ్లు కొట్టడానికి కుదిరాడు. సంతలో వర్తకులకి అదో వేడుకైంది. "ఏరా సుక్రూ, ఇయాల వాన ఎంత రాయమంటావు?" అని ఒకడంటే, "ఆరు కలిపి రాసీవయ్యా" అని ఇంకొకడు. వాడు తలొంచుకుని ఈశ్వరమ్మ కొట్టు తప్పించి అవతలి వరసలోంచి పోయేవాడు. ఆవిడ ప్రతి వారం ఆ నవ్వులు వింటూ, చెవులు లేనట్టు పసుపు తూచేది.

కొలవకుండా రాసిన అంకెల్ని పసిగట్టే పద్ధతి మీద వరహాలరావు రాసిన వ్యాసం కలకత్తాలో అచ్చయింది. పెద్ద హోదా వచ్చింది. రెండేళ్లకి సభలో ప్రసంగించమని ఢిల్లీ నుంచి పిలుపూ వచ్చింది. ఇప్పుడు ఆ ప్రసంగమే తల్లికి తెలుగు చేసి వినిపిస్తున్నాడు.

"మొదట్లో కాస్త నవ్వించాలమ్మా. విను. మా కొండల్లో సుక్రు అని ఒక మహానుభావుడు ఉండేవాడు. ఆయనగారి వాన రోజుకో మెట్టు చొప్పున..."

"ఆ మెట్లు కట్టింది నేనురా."

వరహాలరావు చదవడం ఆపాడు. ఈశ్వరమ్మ దారం ఉండ వదల్లేదు. జ్వరం, గెడ్డ, పలక, అన్నీ ఒక్క ఊపులో చెప్పేసింది.

"వచ్చేవాడన్నావు కదమ్మా!"

"అన్నాను. నీ ముందు దొంగనైపోతానని భయమేసింది. అంతకు ముందు తప్పనే అనుకోలేదు. నువ్వు చెప్పిన లెక్కే కదా అనుకున్నాను."

"ఖాళీని పూడిస్తే, ఇది కొలిచింది కాదు, పూడ్చింది అని పక్కన రాయాలమ్మా. అది రాయకపోతే..." మధ్యలో ఆగాడు. "ఆ మాట నీకు చెప్పానా?"

"లేదురా."

వాడు కాగితాలు మడిచేశాడు. తనలో తను అనుకుంటున్నట్టు, "వాణ్ణి నేను ఒక్క మాటైనా అడగలేదు" అన్నాడు. చెప్పులేసుకుని గుమ్మం దిగాడు. ఈశ్వరమ్మ తలుపు గొళ్లెం పెట్టి వెనకే నడిచింది. రేపటి ప్రయాణం సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

దారి పొడుగునా వలిసె చేలు పసుపుపచ్చగా పూసి ఉన్నాయి. సుక్రు ఇంటి ముందు కూర్చుని వెదురు చీలుస్తున్నాడు. బాబుని చూసి లేవబోయాడు. వరహాలరావు వద్దని వాడి ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు. ఈశ్వరమ్మ మాత్రం నిలబడే చెప్పింది.

"సుక్రూ, ఆ అంకెలు నేను రాశాను. ఒక్కరోజూ గెడ్డ దాటలేదు. నువ్వు రోజూ వచ్చావని అబద్ధం చెప్పాను. నా పాపం నీకు చుట్టుకుంది నాయనా."

"తెల్సమ్మా" అన్నాడు సుక్రు, చేతిలో పని ఆపకుండా. "జొరం దిగిన సాయంత్రం ఎల్లి సూసినాను. సీసా నిండిపోయి డబ్బాలోకి పొర్లిపోనాది. నువ్వు రానేదని అప్పుడే తెల్సింది. పారబోసీసి వచ్చీసినాను."

ఈశ్వరమ్మ కూడా నేల మీద కూర్చుంది. ఈ రెండేళ్లూ సంతలో వాడు తలొంచుకుని పోయింది తెలిసే!

"మరి చెప్పలేదేం సుక్రూ?" అన్నాడు వరహాలరావు. "ఆఫీసుకొచ్చి నాతో ఒక్క మాట చెప్పి ఉంటే..."

సుక్రు ఒక బద్ద చీల్చాడు. దాని పీచు గీకి, పక్కన పెట్టి, ఇంకోటి అందుకున్నాడు. లోపల్నుంచి వాడి పెళ్లాం వచ్చి గుమ్మంలో నిలబడింది. పక్క చేలో ఎవరో పశువుల్ని అదిలించి, మళ్లీ ఊరుకున్నారు. ఎండ వాకిలి దాటి గోడెక్కింది. వాడిక పలకడేమోనని ఈశ్వరమ్మకి భయమేసింది. తిట్టినా బాగుండుననిపించింది.

బద్దలన్నీ అయిపోయాక సుక్రు కత్తి కింద పెట్టి, వరహాలరావు మొహంలోకి చూశాడు.

"నువ్వు అడగనేదు బాబూ" అన్నాడు. "అడిగున్నా గానీ, మీ అమ్మ మాట కాదని నా మాట రాసుకుందువా?"