రెండో గొట్టం

ఆ పొద్దున్న ఆకాశం కురవదు, తెరిపివ్వదు. సముద్రం మీదనుంచి వచ్చిన మబ్బు ఆసుపత్రి మేడ మీద ఆగిపోయింది.

నేను ఒక నీలం ప్లాస్టిక్ పెట్టెను. పుట్టింది ఫ్యాక్టరీలో, తిరిగింది నర్సుల భుజాన. పదేళ్లు ఊళ్లమ్మట టీకా మందులు మోశాను. నన్ను చూస్తే పిల్లలు మంచాల కిందికి దూరేవారు. బస్సు కండక్టరు ఒకడు, "చేపలేటమ్మా? వాసనొస్తే దించేస్తాను" అన్నాడు. తర్వాత పట్నం ఆసుపత్రికి చేరి, ప్రమీల సిస్టరు చేతిలో రక్తం గొట్టాలు మోస్తున్నాను.

అక్కడ చేరిన తవిటిరాజుకు పంతొమ్మిదేళ్లు. ఎముకల్లో మూలుగ ఎండి రక్తం ఊరడం మానేసింది. ఇంకొకరి మూలకణాలు ఎక్కించాలి. గ్రూపు ఒకటైతే చాలదు, కణాల మీది గుర్తులు కూడా కలవాలి. కలిస్తే తోడబుట్టినవాళ్లవే ఎక్కువగా కలుస్తాయి.

"ఎందరు పిల్లలమ్మా?" అని సిస్టరు అతని తల్లి అసిరమ్మను అడిగింది.

"ఇద్దరే. ఈడూ, ఈడన్నా."

అన్న రక్తం నేనే మోశాను. కలవలేదు. దాతల జాబితాలోనూ ఎవరూ దొరకలేదు. కుర్రాడికి చిగుళ్ల వెంట రక్తం ఆగడం లేదు. ఎక్కువ రోజులు ఆగలేమన్నాడు డాక్టరు.

ఆ మబ్బు పొద్దున్న అసిరమ్మ అప్ప దాలమ్మ, కూతురు నీలవేణితో వచ్చింది. నీలవేణి జాకెట్టు చెయ్యి పైకి మడిచి, "నాది తియ్యండి" అంది.

"పెద్దమ్మ కూతురివి. కలిసే ఆశ తక్కువమ్మా," అంది సిస్టరు.

"కలుస్తాది, తియ్యండి," అంది దాలమ్మ. "దీన్ని కన్నది నేను కాదు. ఇది," అని చెల్లెలు అసిరమ్మను చూపించింది.

అసిరమ్మ లేచి నిలబడింది. "అప్పా, వొద్దు! నీ ఒడిలో ఏసిననాడే, 'నా పిల్ల' అని నోటెమ్మట అననని అమ్మోరి ముందు ఒట్టేసినాను."

"ఒట్టు నువ్వేసినావు. నేనెయ్యలేదు గదే."

అసిరమ్మ సిస్టరుకు అబద్ధం చెప్పలేదు. వాళ్ల ఊళ్లో ఒడిలో వేసిన బిడ్డ ఇక కన్నతల్లి బిడ్డ కాదు. రక్తానికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు.

నీలవేణి మొహం పాలిపోయింది. చాచిన చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"మాటలు తర్వాత. ముందు తియ్యండి," అంది.

గొట్టం నాలోకి వచ్చేసరికి ఇంకా వెచ్చగా ఉంది.

పదిహేను రోజులకు కాగితం వచ్చింది. గుర్తులన్నీ కలిశాయి. వచ్చే వారం ఎక్కిస్తామన్నారు. బతుకుతాడా అని ఎవరూ అడగలేదు, డాక్టరూ చెప్పలేదు.

అప్పటికి నా మూత విరిగి, వరండా మూలన పడి ఉన్నాను. మధ్యాహ్నం అసిరమ్మ నన్ను లాక్కుని బోర్లించి, మీద క్యారేజీ పెట్టింది. గరిటెతో అన్నం తీసి నీలవేణి పళ్లెం దాకా తెచ్చి ఆగిపోయింది. గరిటె అప్ప చేతికిచ్చింది. దాలమ్మ వడ్డించింది.

నీలవేణి ఆ గరిటె తీసుకుని అసిరమ్మ పళ్లెంలో అన్నం పెట్టింది, దాలమ్మ పళ్లెంలో పెట్టింది. ముగ్గురూ తలలు వంచుకుని తిన్నారు.