నాలుగో రోజు రీడింగు

ఆ పదార్థానికి ఇంకా పేరు లేదు. ఒక నంబరుంది, అంతే. ల్యాబులో పుట్టిన తెల్లటి పొడి. ముడతలు పడకుండా ఆపుతుందని తయారుచేసినవాళ్ళ మాట. దానిమీద జరిగిన అధ్యయనం ఒకే ఒక్కటి: పద్నాలుగు పేజీలు, ఇరవై ఆరుగురి వీపులు. బావ కంపెనీ కొత్త క్రీములో ఆ పొడి కలవాలంటే, చర్మానికి హాని లేదని, అక్కడ భద్రత తేల్చే ఉద్యోగంలో ఉన్న ఆమె సంతకం పెట్టాలి.

"ఇంకెన్నాళ్ళు చదువుతావు మరదలా?" గుమ్మంలో నిలబడి బావ నవ్వాడు. "వచ్చిన సంబంధాలన్నిట్నీ ఇలాగే భూతద్దం పెట్టి చూసి పంపించేశావు. ఈ పొడినైనా గట్టెక్కించు తల్లీ."

"సంబంధమైతే బాధ నా ఒక్కదానిదే బావా. ఇది ఎంతమంది మొహాలకో పూస్తారు."

అతని నవ్వు ఆగిపోయింది. "డబ్బాలు కూడా అచ్చయిపోయాయి. శుక్రవారానికి తేల్చెయ్యి."

అతను వెళ్ళాక ఆమె మళ్ళీ అదే పేజీ తెరిచింది. వీపుకి అంటించిన పట్టీని రెండో రోజు తీసి చూస్తారు. నాలుగో రోజు మళ్ళీ చూడాలి. అలర్జీ తాపీగా వచ్చే చుట్టం. తొందరపడి తలుపేసుకుంటే కనబడదు. ఈ పట్టికలో నాలుగో రోజు కింద, ఎవరికీ ఏమీ రాలేదన్నట్టు పైనుంచి కిందదాకా సున్నాలే. అన్నీ ఒకే కూర్చులో వేసినట్టు, ఒకే వాలు, కలం ఒత్తిడీ ఒకటే. తేదీ చూసింది. ఆదివారం.

ఆ సున్నాలు ఆమెకి కొత్త కాదు. మొదటి ఉద్యోగంలో ఒక ఆదివారం ల్యాబుకి వెళ్ళకుండా, సోమవారం కూర్చుని అచ్చం ఇలాగే నింపింది. ఎవరికీ ఏమీ కాలేదని ఇన్నేళ్ళూ అనుకుంది. ఒక్కరినీ అడిగి చూడలేదు.

మర్నాడు తన వీపుకే మూడు పట్టీలు అంటించుకుంది. మొదటిదాంట్లో ఉత్త వాజిలిన్, రెండోదాంట్లో పొడి కలిపిన క్రీము, మూడోదాంట్లో పొడి లేని క్రీము. ఒక్క వీపుతో ఏదీ రుజువు కాదని ఆమెకి తెలుసు. అయినా ఆ సున్నాల పక్కన నిజంగా చూసిన రీడింగు ఒక్కటైనా ఉండాలనిపించింది. రెండో రోజు పట్టీలు పీకి అద్దంలో చూసుకుంటే మసకగా తప్ప ఏమీ కనిపించలేదు. తన వీపుని ఇంకొకరు చూసి ఎన్నేళ్ళయిందో లెక్కపెట్టబోయి మానుకుంది.

నాలుగో రోజు పొద్దున్నే అక్క ఇంటికెళ్ళింది. పడగ్గదిలో, కిటికీ వెలుతురుకి వీపు తిప్పి కూర్చుంది. సిరాతో గీసిన మూడు గళ్ళు.

"వీటిల్లో మీ బావది ఏదే?" అంది అక్క.

"చెప్పను. కనిపించింది చెప్పు."

"చిన్నప్పట్నుంచీ నీతో ఇదే గోల." అక్క వేలు మొదటి గడి మీంచి కిందకి జారింది. రెండో గడి దగ్గర ఆగింది.

అవతలి గదిలో బావ ఫోనులో ఎవరితోనో నవ్వుతున్నాడు.

"అక్కా."

"ఎర్రగా ఉందే," అంది అక్క చివరికి, గొంతు తగ్గించి. "ఆవగింజల్లా పొక్కులు. ఉబ్బింది కూడా. ఇదేనా?"

"ముందు మూడోది చూడు," అంది ఆమె. అది మామూలుగానే ఉంది. అక్క బట్ట కిందకి లాగి సర్దింది.

"ఏమీ లేదనేద్దామనుకున్నాను, ఒక్క క్షణం."

"తెలుసు. నీ వేలు ఆగింది."

అక్క ఆమె ఇచ్చిన కాగితం మీద చూసింది చూసినట్టు రాసి, కింద తేదీ వేసింది.

ఆఫీసుకొచ్చి 'వాడరాదు' అన్న చోట ఆమె సంతకం పెట్టింది. పాత అధ్యయనాన్ని ఎందుకు నమ్మలేదో చెప్పడానికి కింద నాలుగు గీతల చోటుంది. 'ఆదివారం ఎవరూ చూసి ఉండరు' అని రాసింది. అది చాలదనిపించింది. కలం కాసేపు అక్కడే ఆగింది. తర్వాత ఇంకో వాక్యం రాసింది:

'ఇలాంటి సున్నాలు ఒకసారి నేనూ వేశాను.'