దగ్గు లేని పాట

మా మణిదీప్ పాడిన పాటని నా ఎదురుగా ఎవరైనా మెచ్చుకుంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. రాయపూర్ గుఢియారీలో మా వీధి వాళ్ళకి ఈ సంగతి తెలిసిపోయింది, అందుకే నాకు వినబడేలా ఎవరూ పెట్టరు. తెలీని వాళ్ళు జాకెట్టు కొలతలివ్వడానికొచ్చి, "దీదీ, ఆ పాట మీ తమ్ముడిదేనట కదా, పల్లవి చివర అంత రాగం ఎలా లాగాడండీ" అంటారు. చేతిలో టేపుంటుంది. మెడకేసి బిగించెయ్యాలనిపిస్తుంది, ఎవరి మెడకో నాకే తెలీదు.

నేను త్రివేణిని, వాడి అక్కని. మా నాన్న పలాస నుంచి రైల్వే ఉద్యోగానికి రాయపూర్ వచ్చి, ఇక్కడే పోయారు. ఇంట్లో అమ్మ, నేను, మణి. నేను జాకెట్లు కుడతాను. వాడికి చిన్నప్పట్నుంచీ పాటల పిచ్చి. పిచ్చి కూడు పెట్టదు కదా, సిల్తరా దగ్గర ఒక ఇనుము ఫ్యాక్టరీలో చేరాడు. సాయంత్రం ఇంటికొస్తే ముక్కులోంచి నల్లటి చీమిడి. తువ్వాలు నలుపు, తలగడ గలీబు నలుపు. ఉతికి ఉతికి విసిగిపోయి అమ్మ ఆ గలీబులు నల్ల గుడ్డతోనే కుట్టమంది, కుట్టిచ్చాను.

పాట వాడూ, బిలాస్‌పూర్ అబ్బాయి ఉమేషూ కలిసి చేశారు. ఉమేష్ వాయిద్యాలు చూసుకుంటాడు, మావాడు పాడతాడు. ఇద్దరూ ఒకచోట కూర్చుని పని చేసింది లేదు. ఇంటర్నెట్‌లో ఒక సైటుంది, పాటంతా అందులోనే ఉంటుంది. వీడు ఇక్కడ పాడి ఎక్కిస్తే అతను అక్కడ తెరిచి సర్దుతాడు. ఎవరు ఏం మార్చినా పాతది చెరిగిపోదు, తేదీతో, పేరుతో అలాగే దాగి ఉంటుంది. ఎప్పటిదో కూడా తెరిచి వినొచ్చు. వాటిని వెర్షన్లంటారని మణి చెప్పాడు. "పాట ఒక్కటీ లేదుగానీ వెర్షన్లు బోలెడున్నాయిరా నీకు" అని ఏడిపించేదాన్ని. నిజమే మరి, ఉద్యోగంలో చేరకముందు మొదలెట్టిన పాట, ఏళ్ళు గడిచినా వాడికి నచ్చేది కాదు.

దగ్గు మొదలయ్యాక పని తీరు మారింది. ఒక లైను పాడడం, దగ్గడం, సగం లైను పాడడం, మళ్ళీ దగ్గడం. అంతా అలాగే ఎక్కించేసేవాడు. ఉమేష్ ఆ దగ్గులన్నీ కత్తిరించి పారేసి, బాగున్న ముక్కలు ఏరి అతికేవాడు. జనం నోరు తెరుచుకుని వింటున్న ఆ రాగం ఉందే, అది మొత్తం ముక్కల అతుకు. బుద్ధెరిగినప్పట్నుంచీ అతుకులు వేస్తున్నదాన్ని, నాకే కుట్టు ఎక్కడుందో తెలీదు.

ఊపిరితిత్తుల్లో ధూళి పేరుకుపోయిందన్నాడు డాక్టరు. ఇక తగ్గేది కాదుట, ముదరకుండా చూసుకోవడమేట. ఫ్యాక్టరీ వాళ్ళు వాణ్ణి గేటు దగ్గరే ఆపేశారు. మా దగ్గరికి రాకముందే ఇతనికి దగ్గుంది, అది బీడీల దగ్గు, మాకేం సంబంధం అన్నారు. బీడీలట. ఇంట్లో అగరొత్తి వెలిగిస్తే కిటికీ తీసేసే మనిషి వాడు. లేబర్ కోర్టులో కేసు వేశాం. జబ్బు ఫ్యాక్టరీ వల్లే వచ్చిందని తేలితే, బతికినంతకాలం వైద్యం వాళ్ళే చూడాలి. తేలకపోతే నా మిషను మీద వాడి మందులు నడవాలి. నడవవని మా ముగ్గురికీ తెలుసు.

మా కేసు శంకర్ నగర్‌లో ఉండే వకీలు సాహు మేడమ్ తీసుకుంది. చేరినప్పుడు మణికి దగ్గు లేదనడానికి ఆధారమేమైనా ఉందా అని అడిగింది. దగ్గు లేనివాడు దగ్గు లేదని ఎక్కడైనా రాయించుకుంటాడా? ఆవిడ మీద కోపమొచ్చింది గానీ, మిషను తొక్కుతుంటే సైటు గుర్తొచ్చింది. మర్నాడే మణిని కూర్చోబెట్టి అన్నీ తెరిపించాను. ఉద్యోగానికి ముందు పాడినవి వింటే, ఆ రాగం నిజంగానే ఒక్క ఊపిరిలో ఉంది. చేరిన ఏడాదికి మధ్యలో చిన్న గురక. తర్వాత దగ్గు. ఆ తర్వాత దగ్గు మధ్యలో పాట. అమ్మ వంటింట్లోంచి వచ్చి, కాసేపు విని, కొంగు నోట్లో కుక్కుకుని లోపలికెళ్ళిపోయింది. నాకు ఏడుపూ సంతోషమూ కలిసి వచ్చాయి. తేదీలతో సహా ఉన్నాయి, ఫ్యాక్టరీ వాడి అబ్బ కూడా కాదనలేడు.

మేడమ్ కూడా సంబరపడింది. కాపీ తీసిస్తే మనమే తయారుచేశామంటారు, తీర్పు చెప్పే హాకిమ్ ముందు సైటులోనే తెరిచి వినిపిద్దాం అంది.

ఇంటికొచ్చే దారిలో ఆటోలో మణి అడిగాడు. "ఆ దగ్గులన్నీ అందరి ముందూ వినిపిస్తారా అక్కా?"

"అందరూ అంటే ఎవర్రా? హాకిమ్, వకీళ్ళు."

"గుమాస్తాలుంటారు. ఫ్యాక్టరీ వాళ్ళూ వస్తారు. నవ్వుకుంటారు."

"నవ్వుకోనీ. నవ్వినవాళ్ళే కడతారు నీ మందులకి" అన్నాను. వాడు సరేననుకున్నాడనుకున్నాను.

ఆ నెలలోనే పాట విడుదల చేశాడు. ఇన్నాళ్ళూ నచ్చని పాట ఇప్పుడెలా నచ్చిందిరా అంటే, ఇక ఇంతకన్నా బాగా పాడలేనుగా అన్నాడు. పాట పెళ్ళిళ్ళలోకీ, వినాయకుడి ఊరేగింపుల్లోకీ వెళ్ళింది. వాడు గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పోయేవాళ్ళు ఆగి భుజం తట్టేవాళ్ళు. వాడి మొహం అలా వెలగడం నేను చూసి ఎన్నాళ్ళయిందో.

కోర్టు వాయిదా రోజు పొద్దున్న మేడమ్ ఆఫీసులో సైటు తెరిచాం. ఒక్క వెర్షనే ఉంది. విడుదలైన పాట, అంతే. కిందా పైనా ఏమీ లేదు. ఇంటర్నెట్ సరిగ్గా లేదేమో అనుకుని మేడమ్ ఫోనులో చూసింది, అక్కడా అంతే. ఉమేష్‌కి ఫోన్ చేశాను. "దీదీ, భయ్యాయే తీసేశాడు. వద్దని చెప్పాను. సైటులో ఆ పాట ఆయన పేరు మీద ఉంది, ఆయన చెరిపేస్తే తిరిగి రాదు. నా దగ్గర ముక్కలేవీ లేవు" అన్నాడు.

మణి పక్కనే బల్ల మీద కూర్చుని చెప్పుల వైపు చూస్తున్నాడు.

"ఎందుకురా?"

"ఊళ్ళో నేను పాటగాణ్ణి అక్కా, ఇప్పుడు. ఒక్కసారి అది బయటికొస్తే, పాట వచ్చినప్పుడల్లా జనం దగ్గే గుర్తుచేసుకుంటారు."

చెంప పగలగొడదామనుకున్నాను. వాడి చెంపలో కొట్టడానికి కండ లేదు. మేడమ్ అద్దాలు తీసి తుడుచుకుంటూ, సరే, సాక్ష్యం చెప్పు, పాటని ముక్కలుగా పాడి అతికామని నువ్వూ ఉమేషూ చెబితే కొంతైనా నిలబడుతుంది అంది. వాడు తలూపాడు.

కోర్టులో మా కన్నా ముందు ఫ్యాక్టరీ వకీలు లేచాడు. జేబులోంచి ఫోన్ తీసి ఆ పాటే పెట్టాడు. పోయిన నెలలో విడుదలైన పాట సాబ్, ఈ మనిషే గాయకుడు, రోగిష్టి ఊపిరి ఇలాగే ఉంటుందా, మీరే వినండి అన్నాడు. ఎద్దు పుండు కాకికి ముద్దా అంటారు గానీ, ఆ వకీలు మహా ముద్దుగా విన్నాడు. పల్లవి చివర రాగం వచ్చేసరికి హాకిమ్ కలం కింద పెట్టేశాడు. గుమాస్తా వేళ్ళతో బల్ల మీద తాళం వేశాడు. గుమ్మంలో నిలబడ్డ పోలీసు కూడా తల లోపలికి పెట్టాడు.

పాట అయిపోయింది. హాకిమ్ మణి వైపు తిరిగి, నెమ్మదిగానే, ఇది నువ్వే పాడావా అని అడిగాడు.

"అవును సాబ్."

మేడమ్ లేచి, అది ముక్కలు అతికిన పాట అని చెప్పబోయింది. హాకిమ్ చెయ్యెత్తి ఆపి, మణినే అడిగాడు. "ఈ చివరిది ముక్కలుగా పాడావా, ఒక్కసారి పాడావా?"

నేను మణి మొహంలోకి చూశాను. ముక్కలుగా సాబ్. ఆ రెండు మాటలు చాలు. నా పెదాలే కదిలాయి, వాడికి కనబడాలని. వాడు నన్ను చూడలేదు. గుమాస్తాని చూశాడు, గుమ్మంలో పోలీసుని చూశాడు. వాళ్ళింకా వాడి వైపే చూస్తున్నారు, పాట విన్నప్పటి మొహాలతో.

"ఒక్క ఊపిరిలో సాబ్" అన్నాడు.

హాకిమ్ కలం తీసి రాసుకున్నాడు.

బయటికొచ్చి మెట్ల దాకా వాడు బిగబట్టుకునే ఉన్నాడు. మెట్ల మీద కూలబడి దగ్గాడు, కళ్ళు తేలేసేలా దగ్గాడు. వీపు రాస్తుంటే నా అరచేతికి ఎముకలే తగిలాయి. మేడమ్ మమ్మల్ని దాటుకుని వెళ్ళిపోయింది. దగ్గు కాస్త తగ్గాక వాడు నా చెయ్యి పట్టుకున్నాడు.

"హాకిమ్‌కి నచ్చింది కదక్కా? చూశావా, కలం కింద పెట్టేశాడు."

"చూశాన్రా" అన్నాను. "నచ్చింది."