ఎర్ర బూట్లు ఏమైనట్టు?

మా ఇంట్లో పుస్తకాలకి జబ్బు చెయ్యదు. వాటికి ఎండ తగలదు, దుమ్ము తగలదు, చెయ్యి తగలదు, ఆఖరికి చూపు కూడా తగలదు. ఒక్కొక్కటీ ప్లాస్టిక్ తొడుగులో ఊపిరి బిగబట్టుకుని అద్దాల బీరువాలో నిలబడి ఉంటుంది. బీరువా తాళంచెవి నా చొక్కా లోపలి జేబులో ఉంటుంది. నాది కళ్లజోళ్ల దుకాణం. ఊరందరికీ దగ్గరి చూపు సరిచేసి పంపి, నా పుస్తకాల్ని మాత్రం దూరం నుంచే చూసుకునే మనిషిని.

నేను పోగుచేసేవి మొదటి ముద్రణలు, అందులోనూ రచయిత సంతకం ఉన్నవి. సంతలో దొరికినా సరే, సంతకం ఉంటే సొంతం చేసుకోవలసిందే. ఈ కాలపు నవలలూ కథలూ పై అరలో ఉంటాయి. అడవుల గురించీ, పిట్టల గురించీ, పురుగుల గురించీ రాసినవి కింది అరలో. పై అట్ట నలగకూడదు, మూల వంగకూడదు. అట్ట ఉంటేనే అట్టహాసం, అది పోతే అట్టే మిగలదు.

"చదువుకీ చెదలకీ తేడా ఏమిటో తెలుసా? చెదలు కనీసం లోపలిదాకా వెళ్తాయి" అంటుంది మా ఆవిడ. ఆవిడవి విడిగా కిటికీ పక్కన చెక్క బల్ల మీద ఉంటాయి. వెన్ను విరిగినవీ, టేపు కట్లు కట్టుకున్నవీ, టీ మరకలు అంటినవీ. ఆ బల్లని నేను ఎముకల వార్డు అంటాను. నా బీరువాని ఆవిడ మార్చురీ అంటుంది.

ఈ జబ్బు నాకొక్కడికే ఉంటే సంసారం ఎలాగో సాగేది. మా తోడల్లుడికీ ఉంది. ఆయన మా ఆవిడ అక్కగారి భర్త, పళ్ల డాక్టరు. పుస్తకం హస్తభూషణం అన్నారు పెద్దలు. ఈయన హస్తాలకి ముందు రబ్బరు తొడుగులు తొడిగి, ఆ తర్వాతే భూషణాన్ని ముట్టుకుంటాడు. పుటల్ని వేలితో తిప్పడు. క్లినిక్కులో వాడే పల్చటి స్టీలు రేకు ఒకటుంది, దాంతో తిప్పుతాడు. ఆ రేకూ, నోట్లోకి చూసే చిన్న గుండ్రటి అద్దమూ చొక్కా జేబులో ఎప్పుడూ ఉంటాయి. ఒక నవలాకారుడి దవడ పన్ను పీకి, మత్తు దిగేలోగా ఆయన పుస్తకాలన్నిటి మీదా సంతకాలు పెట్టించుకున్న ఘనుడు. ఆ సంతకాలు గోడ మీద బల్లి పాకినట్టు ఉంటాయి. "మత్తు సంతకాలు ఎక్కడా దొరకవు తమ్ముడూ" అని నన్ను ఉడికిస్తాడు.

మా ఇద్దరికీ కింది అరలో ఒకే చోట ఒకే ఖాళీ. బురదనేలల గురించి రాసే ఒక రచయిత్రి ఉంది. పాఠకులు ఆవిడని ముద్దుగా బురదమ్మ అంటారు. ఆవిడ మిగతా పుస్తకాలన్నీ సంతకాలతో ఉన్నాయి. మొట్టమొదటి పుస్తకం, 'తుంగలో కాపురం', మొదటి ముద్రణ నా దగ్గరుంది, ఆయన దగ్గరుంది. సంతకం మాత్రం ఇద్దరివాటి మీదా లేదు. పోస్టులో పంపి పెట్టించుకుందామంటే దారిలో మూలలు నలుగుతాయని ప్రాణం ఒప్పలేదు. సంతకం పడేదాకా అరలో పెట్టనని నాకొక పంతం. పుస్తకం సొరుగులో, ఖాళీ అరలో, బెంగ నా గుండెలో.

ఆ మొదటి ముద్రణకి ఒక గుర్తుంది. పెద్ద కాగితాన్ని మడతలు పెట్టి, కుట్టి, అంచులు కోస్తే పుటలు విడివడతాయి కదా. ఆ ముద్రణలో నడుమ ఒక మడత కాస్త కురచగా పడింది. కోసే కత్తి దానికి అందలేదు. దాంతో ఆ కాసిని పుటలూ అంచు దగ్గర అతుక్కుపోయి, సంచీలాగా ఉండిపోయాయి. మడత ఉంటే అసలు, లేకపోతే నకలు. సేకరించేవాళ్లెవరూ దాన్ని విప్పరు. విప్పినవాడిని మా మడతల సంఘంలో మడిచి బయట పారేస్తారు.

మా ఆవిడ దగ్గరున్నది రెండో ముద్రణ. ఎముకల వార్డులో అతి పాత రోగి. ఎన్నిసార్లు చదివినా ఆవిడకి ఒక్కటే సందేహం.

"ఏవండీ, మొదట్లో అంతా ఈవిడ ఎర్ర బూట్లు వేసుకుని బురదలో తిరుగుతుందా... సగం దాటాక ఉన్నట్టుండి వట్టి కాళ్లతో నడుస్తుంది. ఆ ఎర్ర బూట్లు ఏమైనట్టు?"

"పాతబడిపోయి ఉంటాయి."

"చీమ కాలు విరిగినా రాసే మనిషి, బూట్లు పోతే రాయదూ?"

"రాసేవాళ్లకి అన్నీ గుర్తుంటాయా!" అని ఆవిడ మాటని తుంగలో తొక్కేసేవాణ్ణి.

ఇంతలో పిడుగులాంటి కబురు. బజారులో పుస్తకాల షాపుకి బురదమ్మ వస్తోందట! బురద వదిలి బయటికి రాని మనిషి, కొత్త పుస్తకం విడుదలకని ఒక్క మధ్యాహ్నం వచ్చి, చీకటి పడకముందే వెళ్లిపోతుందట. షాపావిడ ఫోను పెట్టేసేలోపే నేను చెప్పులు తొడుక్కున్నాను.

"ఇవాళ కాదండీ, శనివారం" అంది మా ఆవిడ.

శనివారం నా దుకాణానికి సెలవు. అద్దాలు చేయించుకోవడానికి వచ్చిన ఒక పెద్దాయన్ని "సోమవారం దాకా మసగ్గానే చూడండి బాబాయిగారూ, లోకం అంతకంటే బాగా ఏం లేదు" అని పంపేశాను. పుస్తకాన్ని తువ్వాల్లో చుట్టి, దాన్ని అట్టపెట్టెలో పెట్టి, ఆ పెట్టెని పసిబిడ్డలా ఎత్తుకుని వెళ్లేసరికి, షాపు షట్టరు ఇంకా సగమే లేచింది. ఆ సగం కింద రెండు నల్ల బూట్లు. వాటి పైన మా తోడల్లుడు.

"ఆలస్యమైందే తమ్ముడూ! నిద్ర పట్టిందా పాపం?"

"అన్నయ్యగారూ, ఇవాళ మీ క్లినిక్కు?"

"నొప్పి ఉన్నవాడికి సోమవారం ఇంకాస్త నొప్పి ఉంటుంది. ఎక్కడికీ పోడు."

మధ్యాహ్నానికి వరస వీధి మలుపు దాకా పాకింది. ఫోనులో ముందే పేర్లు రాయించుకున్నవాళ్లని షాపావిడ మా ముందు నిలబెట్టింది. నా ముందు తోడల్లుడు, నా వెనక కట్లు కట్టిన రెండో ముద్రణతో మా ఆవిడ. లోపల బల్ల వెనక బురదమ్మ. పొట్టి మనిషి, ఎండకి కాలిన మొహం, షాపు దద్దరిల్లే నవ్వు. కొత్త పుస్తకాలకీ, నలిగిన పుస్తకాలకీ చకచకా సంతకాలు పెట్టేస్తోంది. నాకు అరచేతులు చెమర్చాయి. చెమట పెట్టెకి అంటకుండా మోచేతులతో పట్టుకున్నాను.

అంతలో ముందు నుంచి ఒక బ్యాంకు మేనేజరు మొహం వేలాడేసుకుని వెనక్కి వచ్చాడు. మా మడతల సంఘం మనిషే.

"ఏమైంది సార్?"

"పెట్టనంది! మొదటి ముద్రణ తెచ్చినవాళ్లకి ప్రశ్న వేస్తోందండీ. 'కర్ర అనుకుని నా నెత్తి మీద వాలింది ఎవరు?' అని. నాకేం తెలుసు, నేనేమైనా చూశానా?"

"చదివారుగా?" అంది మా ఆవిడ.

ఆయన ఆవిడ కేసి, ఎవరో దారినపోయేవాళ్లు బ్యాంకు లాకరు తాళం అడిగితే చూసినట్టు చూశాడు.

నేను ఆదరాబాదరా వెనక్కి తిరిగాను. "ఏవేయ్, నీకు వచ్చుగా, నెత్తి మీద ఎవరు వాలారు?"

"ఎవరూ వాలలేదు. ఈ పుస్తకం నాకు కంఠతా వచ్చు. అలాంటిదేం లేదు."

అప్పుడు వెలిగింది నాకు. ఆవిడ దాంట్లో లేదంటే, మా మడతలో ఉందన్నమాట! అదే క్షణాన తోడల్లుడికీ వెలిగింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆయన జేబులోంచి చిన్న అద్దం తీశాడు.

"అన్నయ్యగారూ, ఏం చేస్తున్నారు?"

"విప్పకుండా చూస్తున్నాను. నోరు పూర్తిగా తెరవని పేషెంట్లు నాకు కొత్త కాదు."

అద్దాన్ని మడత కింద నుంచి లోపలికి దూర్చి, ఒక కన్ను మూసి, నాలిక బయటపెట్టి చూడసాగాడు. అద్దంలో అక్షరాలన్నీ తిరగబడి కనిపిస్తున్నాయి. వరసలో అందరూ మెడలు సాచారు.

"ఏవో... రెక్క... రెక్క ఉంది! నీలం! మెరిసే నీలం! దొరికింది తమ్ముడూ, దొరికింది!"

ఆయన వంతు రానేవచ్చింది. తొడుగుల చేతులతో పుస్తకం బల్ల మీద పెట్టాడు.

"కర్ర అనుకుని నా నెత్తి మీద వాలింది ఎవరు బాబూ?"

"నెమలి!" అన్నాడు ఛాతీ విరుచుకుని.

బురదమ్మ నవ్వుకి అలమారాలు కదిలాయి. "నెమలి వాలితే ఈపాటికి నాకు మెడ ఉండేదా నాయనా? చదువుకుని రా."

తర్వాత నేను. పెట్టె తెరిచి, తువ్వాలు విప్పి, పుస్తకం ఆవిడ ముందు పెట్టాను.

"మడత విప్పావా?"

"లేదమ్మా. భద్రంగా దాచాను."

"ఎవరి నుంచి?"

నేను తువ్వాలు మడత పెట్టసాగాను.

ఆవిడ కలం కింద పెట్టింది. "విను నాయనా. ఆ పుటల్లో ఒక అధ్యాయం ఉంది. రచయిత్రి అన్నాక కాస్త మర్యాదగా ఉండాలని ప్రచురణకర్త రెండో ముద్రణలో దాన్ని పీకేశాడు. నా రాతప్రతీ, నా దగ్గరున్న పుస్తకమూ వరదలో పోయాయి. లైబ్రరీలన్నిటా ఉన్నవి రెండో ముద్రణలే. అసలువి మీలాంటివాళ్ల దగ్గరున్నాయి. మీరేమో విప్పరు. నేను రాసినవాటిల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది, ఒక్కరంటే ఒక్కరు చదవగా నేను చూడలేదు."

"అయితే ఎర్ర బూట్లు..." అని నా వెనక నుంచి గొంతు.

బురదమ్మ కుర్చీలోంచి లేచింది. "ఏమన్నావమ్మాయ్?"

"మొదట్లో మీకు ఎర్ర బూట్లుండేవి. తర్వాత లేవు. ఏమయ్యాయాని... ఈయన్ని అడుగుతూనే ఉన్నాను."

"ఆ మాట అడిగిన మొదటి మనిషివి నువ్వేనే తల్లీ! ఆ బూట్లు మీ ఆయన పుస్తకంలోనే ఉన్నాయి."

మా ఆవిడ నా కేసి చూసింది. కళ్లు పరీక్షించడం నా వృత్తి, ఎన్నో చూపులు చూశాను. ఆ చూపుకి ఏ అద్దమూ సరిపోదు. సొరుగులో ఆ పుస్తకం, సొరుగు పక్కనే మంచం, మంచం మీద ఆవిడ ప్రశ్న. మధ్యలో నేను.

మడత విప్పితే ఇక ఇది మడతల సంఘానికి చిరుగుల బొంత. విప్పకపోతే సంతకం లేదు. ఆ లెక్క ఎంతసేపు వేశానో తెలియదుగానీ, నా చెయ్యి మాత్రం లెక్క తేలకముందే చాచుకుని ఉంది.

"అన్నయ్యగారూ, మీ స్టీలు రేకు ఇలా ఇవ్వండి."

"తమ్ముడూ! వద్దు! అది గట్టి పన్ను! కదలని పన్నుని పీకకూడదు!"

"రేకు!"

ఇచ్చాడు, కళ్లు మూసుకుని. రేకు మడతలో పెట్టి లాగాను. 'జర్ర్' మంది. ఆ చప్పుడుకి బ్యాంకు మేనేజరు గుండె పట్టుకుని పక్కనున్న స్టూలు మీద కూలబడ్డాడు. అంచు పళ్లు పళ్లుగా చిరిగింది. ఇంకో పుట. ఇంకొకటి. లోపల కాగితం ఎండే తగలని తెలుపు. సిరా వాసన గుప్పుమంది. ఇన్నేళ్లుగా నా ఇంట్లోనే ఉండి, నాకు తెలియని వాసన.

"గట్టిగా చదువు" అంది బురదమ్మ, కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుని.

చదివాను. ఒక ఉదయం ఆవిడ తుంగలో అడుగు తప్పి నడుం దాకా బురదలో దిగబడిపోయింది. ఎంత గింజుకుంటే అంత లోపలికి. ఇక కదలకుండా నిలబడిపోయింది. కాసేపటికి పిట్టలు ఆవిణ్ణి పాతిన గుంజ అనుకున్నాయి. నీలం రెక్కల లకుముకి పిట్ట ఒకటి వచ్చి టోపీ మీద వాలింది. అక్కణ్ణించి నీళ్లలోకి దూకి చేపని పట్టుకొచ్చి, ఆవిడ నెత్తికేసి టపటపా బాది మింగింది. మళ్లీ దూకింది. మళ్లీ బాదింది. "కదిలితే పిట్ట పోతుంది, కదలకపోతే నేను పోతాను. పిట్టే ఉండనీ అనుకున్నాను" అని ఉందక్కడ.

నవ్వు ఆగక నాకు అక్షరాలు అలుక్కుపోయాయి. మా ఆవిడ పుస్తకం లాక్కుని అందుకుంది. పడవవాడు వచ్చి చేతులు పట్టి లాగితే, బురదమ్మ మాత్రమే పైకొచ్చింది. బూట్లు రాలేదు. "బురదకి బాడుగ ఇచ్చాను. ఎర్ర రంగు దానికీ నచ్చింది" అన్నది ఆఖరి వాక్యం.

"అదీ! అదీ సంగతి!" అని మా ఆవిడ పుస్తకంతో సహా ఎగిరింది. షాపంతా చప్పట్లు. బురదమ్మ కళ్లు తుడుచుకుంటూ, తన నెత్తి తడుముకుంటూ, "నిజంగానే నొప్పి పుట్టింది సుమా" అంటోంది.

షాపావిడ ఆ పుటలకి జిరాక్సు తీయించి బురదమ్మ చేతిలో పెట్టింది. ఆవిడ నా పుస్తకం అందుకుని మొదటి పేజీ కేసి చూడనైనా చూడలేదు. తిన్నగా చిరుగుల దగ్గరికి వెళ్లి, పళ్లు పళ్లుగా ఉన్న అంచు పక్కన సంతకం పెట్టింది. కింద ఒక జత బూట్ల బొమ్మ కూడా గీసింది.

"తమ్ముడూ, నా రేకు!" వెనక నుంచి కేక. తోడల్లుడు రబ్బరు తొడుగులు పీకి జేబులో కుక్కాడు. జర్ర్, జర్ర్, జర్ర్ మని మూడు చప్పుళ్లు. ఆ వెంటనే చిన్నపిల్లాడిలా గెంతాడు.

"నాది నీ దానికంటే పెద్దగా చిరిగింది చూడు!"

"అన్నయ్యగారూ, నాది కళ్లజోళ్లవాడి చిరుగు. మీది డాక్టరు చిరుగు. దాని విలువ దానిదే!"

బ్యాంకు మేనేజరు కూడా లేచి, రేకు కోసం వరసలో నిలబడ్డాడు.

ఇదంతా జరిగాక కింది అర నిండాలి కదా. నిండలేదు. ఆ రోజు ఇంటికి రాగానే మా ఆవిడ పుస్తకాన్ని తన దిండు పక్కన పెట్టుకుంది. తర్వాత వాళ్ల అక్క పట్టుకుపోయింది. అక్కణ్ణించి నా దుకాణానికి వచ్చింది. సోమవారం దాకా మసగ్గా చూసిన పెద్దాయన కొత్త కళ్లజోడు సరిపోయిందో లేదో చూడ్డానికి దాన్నే చదివి, కళ్లజోడుతోపాటు పుస్తకమూ పట్టుకెళ్లిపోయాడు. మొన్న కనబడి "ఇంకా అవలేదయ్యా, మా కోడలు చదువుతోంది" అన్నాడు. అట్ట మీద టీ మరక పడిందట.

ఖాళీ అలాగే ఉంది. అటువైపు చూసినప్పుడల్లా నెత్తి మీద టపటపా చప్పుడై నవ్వొస్తుంది. తాళంచెవి ఇప్పుడు మా ఆవిడ దగ్గరుంది. నిన్న పై అరలోంచి ఒక నవల తీసి, ప్లాస్టిక్ తొడుగు ఊడబీకి, నా ఒళ్లో పడేసింది.

"ఇందులో ఏముందో చదివి చెప్పండి. నేను కాఫీ కలుపుకొస్తాను."

"కాఫీ దూరంగా పెట్టవే!" అని అరిచాను. అరుస్తూనే రెండో పేజీ తిప్పాను, వేలితోనే.