ఇంకొక్క కునుకు

తలుపు మీద మొదట వేళ్లతో కొట్టాలి. పలక్కపోతే పిడికిలితో. అప్పటికీ పలక్కపోతే లోపలికి వెళ్లి దుప్పటి లాగేయాలి. పరీక్షల రోజుల్లో విశ్వవిద్యాలయం ఆడపిల్లల హాస్టల్లో ఆయాకు పొద్దుటి పని ఇదే. చీపురూ బకెట్టూ ఆ తర్వాత. పై అంతస్తు ఎక్కేసరికే మోకాళ్లు పట్టేశాయి. కమ్మీ పట్టుకుని కాస్త ఊపిరి తీసుకుని, వరండా పొడుగునా వినిపించేలా గొంతెత్తింది.

"లేవండే, కోడి కూసింది! మళ్లీ కూయదు, చెప్తున్నా!"

కోడి పిన్ని అని పేరు పెట్టింది పిల్లలే. మొదట్లో ఆమెకు ఒళ్లు మండేది. ఇప్పుడు ఎవరైనా ఉట్టి పిన్నీ అంటే తనను కాదేమో అనుకునేంతగా అలవాటైపోయింది. పొట్టి మనిషి. ఏళ్ల తరబడి బకెట్లు మోసి కుడి భుజం ఎడమదానికంటే కిందికి దిగిపోయింది. ఫినాయిల్ నీళ్లకు వేళ్ల సందులు పగిలి, తలుపు కొట్టినప్పుడల్లా చురుక్కుమంటాయి. ఈ లేపే పని ఆమెకు ఎవరూ అప్పజెప్పలేదు. ఒకరిద్దరు పిల్లలు అడిగితే మొదలుపెట్టింది. ఇప్పుడు ఆమె కేకెయ్యందే ఆ హాస్టల్లో ఎవరికీ తెల్లారదు.

తమాషా ఏమిటంటే, పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమె చేసిన పనల్లా ఒక మనిషికి మెలకువ రాకుండా చూడటం. భర్తది మిల్లులో రాత్రి డ్యూటీ. పగలంతా అతను పడుకుంటే ఆమె ఇంట్లో పిల్లిలా తిరిగేది. మూత కింద పడకూడదు, కుర్చీ జరపకూడదు, పక్కింటావిడతో పోట్లాడినా గుసగుసగానే పోట్లాడాలి. ఒక మధ్యాహ్నం అతను ఎంతకీ లేవకపోతే, "ఇవాళ ఒళ్లెరక్కుండా పడుకున్నాడు, పడుకోనీ" అని మురిసిపోయి, పక్కింటావిడకు కూడా చెప్పుకుంది. సాయంత్రం డ్యూటీ వేళకు కాలు పట్టుకుని కదిపితే చల్లగా తగిలింది.

అప్పట్నుంచీ నిద్రపోతున్న మనిషి కనిపిస్తే చాలు, ముక్కు దగ్గర చెయ్యి పెట్టి ఊపిరి చూసుకోందే ఆమె ప్రాణం కుదుటపడదు. పిల్లలు దానికీ నవ్వుతారు. "బతికే ఉన్నాం కోడి పిన్నీ, పరీక్ష అయ్యాక వచ్చి చూడు" అంటారు.

మూల గదిలో పిల్ల ఒక్కతే ఉంటుంది. రాత్రంతా లైటు ఆర్పదని గొడవపడి, తోడుండే అమ్మాయి వేరే గదికి మారిపోయింది. ఒకే పేపరు ఆ పిల్లకు రెండుసార్లు పోయింది. ఇవాళ్టిది మూడోసారి, అదే ఆఖరు. నిన్న సాయంత్రం బట్టలారేసే చోట ఆయా చేతులు రెండూ పట్టుకుంది. కళ్ల కింద బొగ్గు రుద్దినట్టు నలుపు.

"ఇది పోతే పేరు కొట్టేస్తారు కోడి పిన్నీ. ఫోన్లో అలారం పెడితే నిద్దట్లోనే ఆపేస్తున్నా. నువ్వే లేపాలి. లేవకపోతే మొహాన నీళ్లు కొట్టు, జుట్టు పట్టుకుని ఈడ్చు."

"నేనుండగా నీకెందుకే బెంగ?" అంది ఆయా.

ఇప్పుడు ఆ తలుపు తోసింది. లైటు వెలుగుతూనే ఉంది. పిల్ల పుస్తకం మీదే ఒరిగిపోయి నిద్రపోతోంది. ఒక చెయ్యి మంచం మీంచి జారి వేలాడుతోంది. నోరు కొంచెం తెరుచుకుంది. కనుబొమల మధ్య ఎప్పుడూ ఉండే ముడత విడిపోయి, మొహం చిన్నపిల్ల మొహమైపోయింది. ఆయా ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది. ఊపిరి వెచ్చగా, నిండుగా తగిలింది. భుజం మీద చెయ్యి వేసింది గాని, కదపడానికి మనసు ఒప్పలేదు.

కిందటి వారం మనసు డాక్టరమ్మ వచ్చింది. పిల్లల దిగులూ భయం చూడ్డానికి విశ్వవిద్యాలయం వాళ్లు పెట్టిన ఆవిడ. వంటవాళ్లనూ, కాపలావాళ్లనూ, ఊడ్చేవాళ్లనూ కూర్చోబెట్టి టీ ఇప్పించింది. "పరీక్షలప్పుడు వాళ్లు మీ కళ్ల ముందే ఉంటారు. మీ పిల్లల్లా చూసుకోండి. నిద్ర లేకపోతే పడుకోబెట్టండి. నిద్రకు మించిన మందు లేదు" అని చెప్పింది. గోడల మీద కూడా ఆ మాటే పెద్దక్షరాలతో అంటించారు. తక్కినవాళ్లు టీ తాగి మరిచిపోయారు. ఆయా మరిచిపోలేదు. చీపురు కాకుండా ఇంకో పని తన చేతిలో పెట్టింది ఆవిడొక్కతే మరి.

"ఇంకొక్క కునుకు తియ్యి తల్లీ. అందర్నీ లేపొచ్చి ఆఖర్న నిన్ను లేపుతా" అని గొణిగి, లైటు ఆర్పేసి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేసింది.

ఆఖరి తలుపు కొట్టి వెనక్కి తిరుగుతుండగా మెట్ల మీద ధబ్బుమని చప్పుడైంది. కళ్లద్దాల పిల్ల ఒకతి చేతిలో పుస్తకంతోనే కూలబడిపోయింది. నిన్నట్నుంచీ ఏమీ తినలేదట. మిగతా పిల్లలు చుట్టూ మూగి దిక్కులు చూస్తున్నారు. ఆయా ఆమెను భుజానికి ఆనించుకుని ఆసుపత్రి గదికి నడిపించింది. నర్సు గ్లూకోజ్ నీళ్లు తాగించి పడుకోబెడితే, పిల్ల ఆయా చెయ్యి వదల్లేదు. "వెళ్లకు కోడి పిన్నీ, భయమేస్తోంది" అని ఏడ్చింది. ఎలా వదిలించుకుని వస్తుంది? ఆ గాభరాలో మూల గది ఆమె మనసులోంచి జారిపోయింది. జారిపోయిందనే చెప్పాలి, ఇంకో మాట లేదు.

మొహంలోకి రంగొచ్చాక, పిల్లను పరీక్ష హాలు గేటు దాకా తనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. "నువ్వే ఆఖరు, పద పద" అని కాపలావాడు ఆ పిల్లను లోపలికి పంపి గేటు వేశాడు. బెల్లు మోగింది. ఇక ఎవరినీ రానివ్వరు. హమ్మయ్య అనుకుంది ఆయా. అనుకున్న మరుక్షణం మూల గది గుర్తొచ్చింది.

ఆ మోకాళ్లతో మెట్లన్నీ ఎలా ఎక్కిందో ఆమెకే తెలీదు. మూల గదిలో ఎండ మంచం దాకా వచ్చేసింది. ఈసారి ఊపిరి చూడలేదు, భుజాలు పట్టి కుదిపేసింది. పిల్ల కళ్లు తెరిచి, ఆయాను చూసి నవ్వింది. ఎన్నాళ్లకో కడుపునిండా నిద్రపోయిన నవ్వు.

"ఎంతైంది కోడి పిన్నీ?"

పిల్ల కిటికీ వైపు తిరిగి ఎండ చూసింది. అరవలేదు, ఏడవలేదు. మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"నీళ్లు కొట్టైనా లేపమన్నా కదా" అంది.

"ఒక్క కునుకే అనుకున్నా తల్లీ. నిన్ను చూస్తే జాలేసి..."

"జాలిపడమని నేనడిగానా?"

అడగలేదు.

వార్డెనమ్మ పరీక్షల ఆఫీసుకు ఫోన్ల మీద ఫోన్లు చేసింది, బతిమాలింది. కుదరదన్నారు. ఫోను పెట్టేసి ఆయా మీద విరుచుకుపడింది. "లేపుతానని మాటిచ్చాక లేపాలి. పడుకోబెట్టడానికి నువ్వెవరు?"

మనసు డాక్టరమ్మ కూడా అక్కడే ఉంది.

"నిద్రే మందు అన్నారు కదండీ మీరు" అంది ఆయా.

"అన్నానమ్మా. కానీ పరీక్ష రోజు... నేను చెప్పింది అలా కాదు." ఆవిడ గొంతు మెత్తగానే ఉంది. మెత్తగా ఉండటం వల్ల ఇంకా కష్టంగా ఉంది.

"రేపట్నుంచి ఎవర్నీ లేపక్కర్లేదు. బాత్రూములు చూసుకో చాలు" అంది వార్డెనమ్మ. కళ్లద్దాల పిల్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆయా కూడా ఎత్తలేదు.

డాక్టరమ్మ వెళ్లి మూల గదిలో కూర్చుంది. ఆయా బయట వరండా తుడిచింది. తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. లోపల పిల్ల దగ్గు వినిపిస్తే కుదుటపడేది, వినిపించకపోతే బకెట్టు కావాలనే గోడకు తగిలించేది. "ఏంటా చప్పుడు?" అని లోపల్నుంచి పిల్ల విసుక్కుంటే, ఆ విసుగు చెవిన పడ్డాక మళ్లీ తడిగుడ్డ పిండుకునేది.

సాయంత్రం వాళ్ల నాన్న వచ్చాడు. దర్జీ. చొక్కా చేతుల మీద సుద్ద గీతలు దులుపుకోకుండానే బయల్దేరినట్టున్నాడు. పెట్టె కిందికి దించడానికి ఆయా ఒక వైపు పట్టుకుంది. మెట్ల మలుపులో ఆయన ఆగాడు.

"పరీక్షప్పుడు నిద్రపోయిందటగా? ఇంట్లోనూ అంతేనమ్మా. నేను లేపితే గాని లేచేది కాదు."

ఊరుకుంటే సరిపోయేది. ఆయా ఊరుకోలేకపోయింది. "అమ్మాయి తప్పు లేదయ్యా. లేపమని నాకు చెప్పింది. నేనే లేపలేదు."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఒక్క మాట అంటాడనీ, అంటే బాగుండుననీ ఆమె ఎదురుచూసింది. ఆయన వంగి రెండో పిడి కూడా తన చేతిలోకి తీసుకుని, పెట్టె ఒక్కడే మోసుకుంటూ దిగిపోయాడు. పిల్ల ఆయన వెనకే నడిచింది. గేటు దాటేటప్పుడు వెనక్కి తిరుగుతుందేమో అని ఆయా చూసింది. తిరగలేదు.

చీకటి పడకముందే వరండాలో ఇద్దరు పిల్లలు ఎదురుపడ్డారు. రేపు వాళ్లకు పరీక్ష. నోటి దాకా వచ్చిన మాట ఆయా మింగేసింది. వాళ్లకు అర్థమైంది. "ఫోన్లో పెట్టుకున్నాంలే పిన్నీ" అంది ఒకతి, ఆమె వైపు చూడకుండా. కోడి అనలేదు.

మూల గది ఖాళీ చేసి ఉంచమని వార్డెనమ్మ కబురు పెట్టింది. ఆయా పరుపు దులిపింది, నేల ఊడ్చింది. కిటికీ తుడవబోయి ఆగింది. గట్టు మీద గాజుగ్లాసు నిండా నీళ్లు, దాని మీద అడ్డంగా పళ్లు తోముకునే బ్రష్షు ఉన్నాయి. పొద్దున్న లేవగానే క్షణం కూడా వృథా కాకూడదని రాత్రే దాని మీద పేస్టు వేసి పెట్టుకుంది పిల్ల. అది పగలంతా ఎండకు ఎండి, కుచ్చు మీద రాయిలా గట్టిపడి ఉంది.