ఇటు ఆంధ్రా, అటు ఒడిశా, మధ్యన భీమశంకరరావు

ఇచ్ఛాపురం దాటాక సముద్రంలో కలిసే ఏటికి ఇవతల లక్ష్ముడి ఊరు, అవతల అతని బావమరిది హరిబాబు ఊరు. ఇవతలిది ఆంధ్రా, అవతలిది ఒడిశా. రెండు చోట్లా తెలుగే, చేపల వేటే. పిల్లల్ని ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకున్న ఊళ్లే.

ఒకరోజు హరిబాబు పడవ ఇంజను తగిలి లక్ష్ముడి వల నిలువునా చిరిగింది. మా నీళ్లలోకి ఎందుకొచ్చావని ఇతను, మా నీళ్లలో వల ఎందుకేశావని అతను. లక్ష్ముడు మనుషుల్ని వేసుకెళ్లి ఆ ఇంజను విప్పుకొచ్చేశాడు. హరిబాబు వచ్చి చిరిగిన వల ఎత్తుకుపోయాడు. ఇద్దరికీ వేట ఆగిపోయింది. మధ్యన మరిడమ్మ నలిగిపోయింది. ఒకడు మొగుడు, ఒకడు తోడబుట్టిన తమ్ముడు.

లా చదివే కూతురు అరుణశ్రీ సెలవులకొచ్చి ఇదంతా చూసింది.

"నాన్నా, సముద్రం కోసం దేశాలు కొట్లాడుకుంతే ఏటి సేస్తాయో తెలుసా? యుద్ధానికెళ్లకుండా సెరో పెద్దమనిసిని పెడతాయి. ఆల్లిద్దరూ కలిసి, ఎవలికీ సుట్టం కానోడిని ఇంకొకడిని ఎంచుతారు. తీర్పు ఏదొచ్చినా ఒప్పుకుంతామని ముందే సంతకాలెడతాయి."

"తీర్పు నచ్చకపోతేనో?"

"అందుకే గదా ముందే సంతకం."

మరిడమ్మ రెండు రోజులు పొయ్యి వెలిగించనని కూర్చుంది. లక్ష్ముడు సంతకం పెట్టాడు. మేనకోడలే కాగితం పట్టుకుని రావడంతో హరిబాబూ పెట్టాడు.

లక్ష్ముడు చేపలమ్మే కూర్మమ్మను ఎంచాడు, ఆమె నోటి ముందు ఎవరూ నిలవలేరని. హరిబాబు ముసలి గణపతిరావును ఎంచాడు. ఆయనకు చెముడు కాబట్టి కూర్మమ్మ నోరు ఆయన్నేమీ చేయలేదు.

మూడో మనిషికి వారం పట్టింది. ఎవరి పేరు చెప్పినా ఎవరికో ఒకరికి మేనమామో వియ్యంకుడో అయ్యేవాడు. చివరికి రెండు ఊళ్లవాళ్లూ పెళ్లిబట్టలు కొనే నరసన్నపేట వర్తకుడు భీమశంకరరావు తేలాడు.

"చేప వాసనకే నాకు కళ్లు తిరుగుతాయమ్మా," అన్నాడాయన.

"అందుకేనండీ, మీరే కావాలి," అంది అరుణశ్రీ.

ఏ ఊరిదీ కాదని ఏటి మధ్య ఇసుక దిబ్బ మీద కుర్చీ వేశారు. ఆయన ముక్కుకు రుమాలు కట్టుకుని కూర్చున్నాడు. లక్ష్ముడు కర్రతో ఇసుకలో హద్దు గీశాడు. హరిబాబు దాన్ని కాలితో చెరిపి వేరేది గీశాడు. అలా ఏడుసార్లు జరిగింది. కూర్మమ్మ చెవిలో అరిచిన ప్రతిదానికీ గణపతిరావు తలూపాడు, టీ తాగుతావా అని అడుగుతోందనుకుని.

ఇంతలో పోటు మొదలైంది. గీతలన్నీ కొట్టుకుపోయాయి. నీళ్లు కుర్చీ కాళ్లకు తగిలాయి.

"బాబూ, నాకు ఈత రాదు! పడవెక్కించండి!"

"తీర్పు సెప్పి ఎక్కండి, బాబు," అంది కూర్మమ్మ.

భీమశంకరరావు కుర్చీ ఎక్కి నిలబడ్డాడు. "ఎవరి సరుకు వాళ్లకి ఇవాళే ఇచ్చేయాలి. ఇకనుంచి ఆ నీళ్లలో వేట ఒకరోజు ఒకరిది, మర్నాడు ఇంకొకరిది. చింపినవాళ్లే వల బాగుచేయాలి, అదీ లక్ష్ముడి వాకిట్లో కూర్చుని. బాగుచేసినన్నాళ్లూ లక్ష్ముడు అన్నం పెట్టాలి. అయిపోయింది, పదండి!"

"ఇదేటి తీర్పు? నా వల సింపినోడికి నేను కూడెట్టాలా?" అని లక్ష్ముడు గొంతు చించుకున్నాడు. అరుణశ్రీ సంతకాల కాగితం తీసి చూపించింది.

మర్నాడే హరిబాబు నలుగురితో వచ్చి వాకిట్లో కూర్చున్నాడు. మూడు రోజుల పని. మరిడమ్మ పూటకో రకం చేపల పులుసు పెట్టడంతో ఆరో రోజుకీ వల పని తెమల్లేదు. లక్ష్ముడు మొదట గోడవైపు తిరిగి తిన్నాడు. ఏడో రోజున ఉండబట్టలేక వచ్చి పక్కన కూలబడ్డాడు.

"ఆ ముడి కాదురా, ఇలగ సూడు," అంటూ సూది లాక్కున్నాడు.

"నాకు నేర్పేటోడివా, బావా?" అన్నాడు హరిబాబు. అయినా సూది వదిలేశాడు.

మరిడమ్మ లోపలికెళ్లి ఇంకో సోలెడు బియ్యం కడిగింది.